ఫ్లీట్ సగటు వయసు చూసి మెయింటెనెన్స్ ఖర్చు చెప్పొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఇండిగో విమానాల సగటు వయసు ఐదేళ్లకు అటూ ఇటూ, అమెరికాలో డెల్టాది దానికి సుమారు మూడింతలు. కొత్త విమానాలకు రిపేర్లు తక్కువ కాబట్టి ఇండిగో ఈ ఖర్చులో హాయిగా ఉండాలి, డెల్టా నడుం విరగాలి. కానీ డెల్టా అంత పాత విమానాలతోనూ లాభాలు చూపిస్తోంది. మరి లెక్క ఎక్కడ తప్పింది? ఎయిర్‌లైన్ షేర్లు కొనేటప్పుడు సగటు వయసును ఒక కొలతగా వాడొచ్చా?

వయసుకీ ఖర్చుకీ సంబంధం ఉంది. కానీ సగటు వయసు అనే అంకెలో ఆ సంబంధం కనపడదు. నేను హ్యాంగర్‌లో పానా పట్టుకుని మొదలుపెట్టి, తర్వాత మెయింటెనెన్స్ ప్లానింగ్‌లోకి, ఆపైన లీజు విమానాలను వెనక్కి అప్పగించే పనిలోకి వచ్చినవాణ్ని. ఒకే ఖర్చు ఈ మూడు చోట్లా మూడు రకాలుగా కనిపిస్తుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మొదట తెలుసుకోవాల్సింది, విమానం మెయింటెనెన్స్ ఖర్చు నెలనెలా సమానంగా వచ్చేది కాదు. రెండు ఫ్లైట్ల మధ్య చేసే ట్రాన్సిట్ చెక్కులు, టైర్లు, బ్రేకులు, పైలట్లు లాగ్‌బుక్‌లో రాసే స్నాగ్‌లు (లోపాలు) రోజూ ఉండేవే. అసలు డబ్బు పోయేది పెద్ద ఘట్టాల దగ్గర. ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానానికి సుమారు రెండుమూడేళ్లకోసారి సి-చెక్ అనే పెద్ద తనిఖీ, ఆరేళ్లకీ పన్నెండేళ్లకీ సీట్లు, గ్యాలీలు, ఫ్లోరు విప్పి లోపలి ఎముకలు చూసే స్ట్రక్చరల్ చెక్, పదేళ్లకోసారి ల్యాండింగ్ గేర్ ఓవర్‌హాల్, వీటన్నిటికంటే ఖరీదైన ఇంజిన్ షాప్ విజిట్, అంటే ఇంజిన్ దించి, విప్పి బాగుచేయడానికి షాపుకి పంపడం. ఖర్చును గ్రాఫ్ గీస్తే వాలు రాదు, మెట్లు వస్తాయి. ఐదేళ్ల పది నెలల విమానం, ఆరేళ్ల రెండు నెలల విమానం పక్కపక్కన నిలబడి ఉంటే సగటు లెక్కలో రెండూ ఒకటే. మొదటిది ఈ ఏడాదే పెద్ద బిల్లు తేబోతోంది, రెండోది తెచ్చేసి కూర్చుంది.

ఇక వయసు సంగతి. కొత్త బండికి ఫ్రీ సర్వీసింగ్ కూపన్లు ఇచ్చినట్టే కొత్త విమానానికి మొదటి కొన్నేళ్లు వారంటీ ఉంటుంది. పార్టు పోతే చాలాసార్లు తయారీదారే మార్చి ఇస్తాడు. పెద్ద చెక్కులు ఇంకా రాలేదు, ఇంజిన్ మొదటిసారి రెక్క మీదికి ఎక్కి ఇంకా దిగలేదు. కాబట్టి ఆ నాలుగైదేళ్లు ఖర్చు అసహజంగా తక్కువ. తర్వాత ఒక్కొక్కటే మొదలవుతాయి. అమెరికా ఎయిర్‌లైన్లు అక్కడి రవాణా శాఖకు ఇచ్చే ఖర్చుల లెక్కలు తీసుకుని రాండ్ అనే పరిశోధనా సంస్థ 2006లో ఒక అధ్యయనం చేసింది. మొదటి ఆరేళ్లలో వయసు ఏడాది పెరిగితే మెయింటెనెన్స్ ఖర్చు 17.6 శాతం పెరుగుతోందని, 6 నుంచి 12 ఏళ్ల మధ్య 3.5 శాతమని, 12 దాటాక 0.7 శాతమేనని అందులో తేలింది. చక్రవడ్డీ వేసి చూడండి. ఆరేళ్లకు రెండున్నర రెట్లు దాటుతుంది, పన్నెండేళ్లకు మూడుంపావు రెట్లకు చేరుతుంది, ఆపైన దాదాపు చదును.

ఈ అంకెలు చూసి చాలామంది, పాత విమానం ఖర్చు పెరగదన్నమాట అనుకుంటారు. ఆ మాట తీసుకునేముందు రెండు విషయాలు చూడాలి. ఒకటి, చదును అయింది ఎత్తు మీద. ఇరవై ఏళ్ల విమానం పదిహేనేళ్ల దానికంటే పెద్దగా ఎక్కువ తినకపోవచ్చు గానీ, రెండూ రెండేళ్ల విమానం కంటే చాలా ఎక్కువే తింటాయి. రెండోది, ఇరవై ఏళ్ల దాకా లెక్కల్లో మిగిలిన విమానాలు ఏవి? బాగా ఏడిపించినవాటిని ఎయిర్‌లైన్లు ముందే స్క్రాప్‌కి పంపేస్తాయి. పెద్ద చెక్ దగ్గరపడితే, దానికి డబ్బు పెట్టడం కన్నా అమ్మేద్దాం అనుకుంటాయి. మిగిలినవి ఆరోగ్యంగా ఉన్నవి, లేదా పెద్ద ఖర్చు కావాలని పెట్టకుండా ఆఖరి రోజులు గడుపుతున్నవి. కాబట్టి ఆ 0.7 శాతంలో విమానాల మంచితనం కంటే వాటి యజమానుల తెలివే ఎక్కువ ఉంది.

హ్యాంగర్‌లో ఇది ఎలా ఉంటుందో చూడండి. సి-చెక్‌కి విమానం లోపలికి వచ్చేసరికి రొటీన్ టాస్క్ కార్డులెన్నో తెలుసు, వాటికి ఎన్ని మ్యాన్ అవర్స్ పడతాయో కూడా దాదాపు తెలుసు. ఐదేళ్ల విమానానికీ ఇరవై ఏళ్ల విమానానికీ ఆ కట్టల్లో తేడా ఉంటుంది గానీ బెంబేలెత్తేంత కాదు. తేడా అంతా ఆ పని చేస్తుండగా బయటపడే పనిలో ఉంటుంది. నాన్-రొటీన్ అంటాం.

వెనక గ్యాలీ కింద ఫ్లోర్ ప్యానెల్ లేపి చూడమని ఒక కార్డు ఉంటుందనుకోండి. కార్డు మీద ఒక్క వాక్యమే. కొత్త విమానంలో స్క్రూలు చకచకా వచ్చేస్తాయి, చూసి, తుడిచి, మూసేస్తారు. పాత విమానంలో ఏళ్ల తరబడి ఒలికిన టీ, కాఫీ, జ్యూసు, పక్కనే ఉన్న టాయిలెట్ నుంచి జారిన నీలం నీళ్లు ఆ స్క్రూల చుట్టూ గట్టిపడి ఉంటాయి. డ్రైవర్ పెట్టి తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది. ఇక డ్రిల్ పెట్టాల్సిందే. ప్యానెల్ లేపాక సీట్ ట్రాక్ మీద, ఫ్లోర్ బీమ్ మీద తెల్లటి పొడి కనిపిస్తుంది. అల్యూమినియం తుప్పు ఎర్రగా ఉండదు. ఆ పొడి గీకి, లోహం ఎంత లోతు పోయిందో గేజ్ పెట్టి కొలవాలి. స్ట్రక్చరల్ రిపేర్ మాన్యువల్ ఇచ్చిన పరిమితి లోపలే ఉంటే నునుపు చేసి, ట్రీట్‌మెంట్ ఇచ్చి, ప్రైమర్ కొట్టి ఆ పూటకి ముగించొచ్చు. ఒక వెంట్రుకవాసి దాటినా కథ మారిపోతుంది. ఫొటోలు, కొలతలు తయారీ కంపెనీకి పంపాలి, వాళ్లు రిపేర్ డ్రాయింగ్ ఇచ్చేదాకా ఆగాలి, బీమ్ మార్చమంటే ఆ బీమ్ ఎక్కడ దొరుకుతుందో వెతకాలి. ఈలోగా హ్యాంగర్ బే ఖాళీ కాదు, క్యూలో ఉన్న తర్వాతి విమానం బయటే ఉంటుంది, లోపలున్నది ఒక్క రూపాయి సంపాదించదు. పది రోజుల చెక్ మూడు వారాలయ్యేది ఇలాంటి చోటే.

మొదటి సి-చెక్‌లో రొటీన్ గంటల్లో సగం కూడా నాన్-రొటీన్ ఉండదు. పదిహేను, ఇరవై ఏళ్లకు వచ్చేసరికి రొటీన్‌తో సమానంగానో, దాన్ని మించో లేస్తుంది. అందుకే పాత విమానానికి కొటేషన్ ఇచ్చేటప్పుడు ఎంఆర్ఓ వాళ్లు, అంటే విమానాల రిపేర్లు చేసిపెట్టే కంపెనీలవాళ్లు, నాన్-రొటీన్ మీద ఒక పరిమితి పెట్టి, ఆపైదంతా గంటల లెక్కన వేరుగా వసూలు చేస్తారు. బిల్లు మీద తగాదాలన్నీ ఆ గీత దగ్గరే. ఎయిర్‌లైన్ తరఫు ఇంజినీరు ప్రతి కార్డు మీదా ఈ పనికి ఇన్ని గంటలెందుకని అడుగుతూ కూర్చుంటాడు, హ్యాంగర్ వాళ్లు ఆ అరిగిపోయిన స్క్రూల ఫొటోలు చూపిస్తుంటారు.

ఇంతవరకూ ఏళ్లు అంటూ వచ్చాను గానీ, విమానానికి వయసు ఏళ్లలో మాత్రమే ఉండదు. తుప్పుకి క్యాలెండర్ ముఖ్యం. ఎగిరినా ఎగరకపోయినా, సముద్రపు గాలి తగిలే చోట ఉంటే ఇంకా త్వరగా పడుతుంది. ఇంజిన్ లోపలి అరుగుదలకు గంటలు, సైకిల్స్ రెండూ ముఖ్యం. బాడీ అలసటకు మాత్రం సైకిల్సే. ఒకసారి ఎగిరి దిగితే ఒక సైకిల్, అంటే క్యాబిన్‌ని ఒకసారి గాలితో నింపి ఖాళీ చేసినట్టు. లోహం మీద పడే దెబ్బ అది.

దీనికి మా రంగంలో అందరూ చెప్పే ఉదాహరణ 1988 ఏప్రిల్ 28న హవాయిలో జరిగింది. అలోహా ఎయిర్‌లైన్స్ 737, హీలో నుంచి హొనొలులు వెళ్తుండగా 24 వేల అడుగుల ఎత్తులో ముందు భాగంలో పైకప్పు దాదాపు 18 అడుగుల మేర ఊడిపోయింది. ఒక ఫ్లైట్ అటెండెంట్ చనిపోయారు, విమానం మాత్రం మావి ద్వీపంలో దిగగలిగింది. దాని వయసు 19 ఏళ్లు. ఎగిరిన గంటలు 35,496, అంటే బోయింగ్ అనుకున్న 51 వేల గంటలకు చాలా తక్కువే. కానీ సైకిల్స్ 89,680. బోయింగ్ అనుకున్నది 75 వేలు. భాగించి చూడండి, సగటున ఒక్కో ఫ్లైటు 24 నిమిషాల లోపే. ద్వీపాల మధ్య సిటీ బస్సులా తిప్పారు, దానికి తోడు ఉప్పు గాలి. రేకుల అతుకుల దగ్గర జిగురు ఊడి, రివెట్ల పక్కన చిన్న పగుళ్లు పుట్టి, అవన్నీ కలిసిపోయాయి. అదే ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి రూట్లలో రోజుకు ఒక్క ఫ్లైటు చేసే బోయింగ్ 777కి అన్ని సైకిల్స్ చేరాలంటే 240 ఏళ్లు పైనే పడుతుంది. ఇరవై ఏళ్ల 777నీ ఇరవై ఏళ్ల 737నీ ఒకే సగటులో కలపడం ఎంత అర్థం లేనిదో దీన్నిబట్టే తెలుస్తుంది.

అలోహా తర్వాత అమెరికాలో ముసలి విమానాల మీద చట్టం వచ్చింది, తప్పనిసరి తనిఖీల వరస మొదలైంది. ఇది కూడా ఖర్చే. ఒక మోడల్ విమానాలు వయసు మీద పడుతున్న కొద్దీ, ఎక్కడో ఒక విమానంలో కనిపించిన పగులు అన్నిటికీ తనిఖీగా మారుతుంది. 2019లో 737 ఎన్‌జీ విమానాల్లో రెక్కను బాడీకి కలిపే పికిల్ ఫోర్క్ అనే భాగంలో పగుళ్లు కనిపించాయి. 30 వేల సైకిల్స్ దాటినవాటిని ఏడు రోజుల్లో చూడమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఆదేశించింది. మొదట చూసిన 810 విమానాల్లో 38కి పగుళ్లు తేలాయి. 30 వేలకి, 29 వేలకి మధ్య లోహంలో పెద్ద తేడా లేదు గానీ ఎయిర్‌లైన్ ఖాతాలో చాలా తేడా ఉంది.

ఇంజిన్ల దగ్గరికి వద్దాం. మొత్తం మెయింటెనెన్స్ డబ్బులో 40 శాతానికి పైగా అక్కడికే పోతుంది. కాబట్టి ఫ్లీట్ వయసు అడిగేవాళ్లు నిజానికి ఇంజిన్ల వయసు అడగాలి. రెండూ ఒకటి కాదు, ఇంజిన్లు ఒక విమానం నుంచి మరో విమానానికి మారుతూనే ఉంటాయి. పాత ఏ320, 737 ఎన్‌జీ మీద ఉండే సీఎఫ్ఎం56 ఇంజిన్ మొదటిసారి రెక్క మీదికి ఎక్కితే చాలా ఏళ్లు దిగదు. రెండోసారి ఎక్కినది అంతకాలం ఉండదు, మూడోది ఇంకా తక్కువ. పైగా లోపలి డిస్కులు, షాఫ్టులకు ఇన్ని సైకిల్స్ అని ఆయుష్షు రాసిపెట్టి ఉంటుంది. ఈ ఇంజిన్‌లో ఫ్యాన్ వైపు భాగాలకు 30 వేలు, మధ్యలోని వేడి భాగాలకు 20 వేలు, వెనక లో-ప్రెషర్ టర్బైన్‌కి 25 వేలు. బాగున్నాయా లేదా అన్న ప్రశ్నే లేదు, సంఖ్య చేరితే తీసేయాలి. రోజుకు ఆరు ఫ్లైట్లు తిరిగే విమానం తొమ్మిది పదేళ్లలో 20 వేలకు చేరుతుంది. ఆ సెట్ మార్చడానికి ఒక్కో ఇంజిన్‌కి మిలియన్ల డాలర్లు.

ఇక్కడే పాత విమానాలు నడిపేవాళ్ల అసలు కిటుకు ఉంది. విమానాన్ని ఇంకో మూడేళ్లే నడపాలనుకుంటే షాపుకి పంపరు. రిటైరైన విమానం నుంచి ఇంకా కొన్ని వేల సైకిల్స్ మిగిలి ఉన్న ఇంజిన్ కొని తగిలిస్తారు. అది అయిపోతే ఇంకొకటి. డెల్టా ఈ ఆటలో ఆరితేరింది. అట్లాంటాలో వాళ్లకు సొంత ఇంజిన్ షాపు, సొంత హ్యాంగర్లు ఉన్నాయి. పాతకాలపు మోడళ్లైన డీసీ-9లను 2014 జనవరి దాకా, ఎండీ-88లను 2020 జూన్ దాకా నడిపారు. ఎవరూ అడగని ఎండీ-90లను చవగ్గా కొన్నారు, సౌత్‌వెస్ట్ వదిలించుకున్న 88 బోయింగ్ 717లను తీసుకున్నారు. కొన్నిటిని ఎగరడానికి, కొన్నిటిని విప్పి స్పేర్లుగా వాడుకోవడానికి. బయటి ధరకు కొత్త పార్టు కొనాల్సిన వాడికీ, తన పెరట్లోనే విడదీసుకున్న వాడికీ పాత విమానం ఒకే ఖర్చు చెయ్యదు. అదే ఎండీ-90ని హ్యాంగర్ లేని, స్పేర్ల స్టాకు లేని చిన్న ఎయిర్‌లైన్‌కి ఇస్తే ఆరు నెలల్లో చేతులెత్తేస్తుంది.

డెల్టా ఎందుకు మునగలేదు అన్నదానికి సగం జవాబు అది. మిగతా సగం అద్దెలో ఉంది. ఒక లెక్క వేద్దాం. అంకెలు సుమారుగా తీసుకున్నవి. కొత్త ఏ320 నియోకి నెలకు 4 లక్షల డాలర్ల లీజు, పాత ఏ320కి లక్ష అనుకోండి. రోజుకు 12 గంటలు, అంటే నెలకు 360 గంటలు ఎగిరితే గంటకు అద్దె కొత్తదానికి 1,111 డాలర్లు, పాతదానికి 278. తేడా 833. నియో 15 శాతం ఇంధనం ఆదా చేస్తుంది. పాత విమానం గంటకు రెండున్నర టన్నులు తాగుతుందనుకుంటే ఆదా 375 కిలోలు, లీటరు 90 రూపాయల లెక్కన సుమారు 42 వేల రూపాయలు, దాదాపు 500 డాలర్లు. మిగిలింది 333 డాలర్లు. పాత విమానం అదనపు మెయింటెనెన్స్, ఆలస్యాలు, రద్దులు అన్నీ ఆ 333లో సర్దుకోవాలి. కష్టం. కాబట్టి రోజంతా తిప్పే ఇండిగో లాంటి ఎయిర్‌లైన్‌కి కొత్తదే సరి.

ఇప్పుడు అదే విమానాలను రోజుకు 5 గంటలే తిప్పండి. గంటకు అద్దె కొత్తదానికి 2,667, పాతదానికి 667. తేడా 2,000. ఇంధనం 500 తీసేసినా 1,500 డాలర్లు చేతిలో ఉంటాయి. ఎంత ముసలి విమానమైనా గంటకు అంత అదనపు మెయింటెనెన్స్ తినదు. అమెరికాలో అలీజియంట్ అనే ఎయిర్‌లైన్ ఏళ్ల తరబడి బతికింది ఈ లెక్క మీదే. చవగ్గా కొన్న పాత ఎండీ-80లు, డిమాండ్ ఉన్న రోజుల్లోనే ఫ్లైట్లు, మిగతా రోజుల్లో పార్కింగ్. ఎండీ-80లకు మాత్రం బ్రేక్‌డౌన్లు, రద్దులు ఎక్కువై పేరు పాడైంది. చివరికి 2018 నవంబరులో వాటిని పక్కన పెట్టి ఎయిర్‌బస్‌లకు మారారు. డాలర్ల లెక్కలో కనపడని ఖర్చు అది.

ఇండిగో ఏళ్ల తరబడి నడిపిన లెక్క ఇంకో రకం. విమానం తయారీదారు నుంచి కొని వెంటనే లీజు కంపెనీకి అమ్మి, దాన్నే అద్దెకు తీసుకోవడం, ఆరేళ్ల చుట్టూ పెద్ద చెక్ ముంచుకొచ్చే ముందే వెనక్కి ఇచ్చేయడం. అంటే హనీమూన్ అయిపోగానే విమానం మార్చడం. వినడానికి భారీ చెక్ ఖర్చు తప్పించుకున్నట్టే ఉంటుంది. కానీ లీజుకిచ్చినవాడు పిచ్చివాడు కాదు. ఎగిరిన ప్రతి గంటకీ, ప్రతి సైకిల్‌కీ మెయింటెనెన్స్ రిజర్వ్ అని కట్టించుకుంటాడు, లేదా తిరిగిచ్చేటప్పుడు ఇంజిన్లు, గేరు, ఎయిర్‌ఫ్రేమ్ (ఇంజిన్లు కాక మిగతా విమానం) ఇంత ఆయుష్షుతో ఉండాలని అగ్రిమెంట్‌లో రాయించుకుంటాడు. ఖర్చు పోలేదు, వేరే చోటికి జరిగింది. అది కనపడేదెప్పుడంటే, 2019 జులై-సెప్టెంబరు త్రైమాసికంలో ఇండిగో 1,062 కోట్ల నష్టం చూపించింది. అందులో 319 కోట్లు, భవిష్యత్తులో చేయాల్సిన మెయింటెనెన్స్ అంచనాలను మళ్లీ లెక్కేసినందుకే. ఆ త్రైమాసికంలో విమానాలకు కొత్తగా ఏమీ విరగలేదు. నియోలు ఆలస్యమై పాత విమానాలు అనుకున్నదానికంటే ఎక్కువకాలం ఉంచుకోవాల్సి వచ్చినప్పుడు ఈ అంచనాలు ఎటు కదులుతాయో మీరే ఊహించుకోవచ్చు.

విమానం వెనక్కి ఇచ్చే పనిలో ఉన్నప్పుడు నాకు తెలిసొచ్చిన ఇంకో ఖర్చు కాగితాలు. డిస్కుకి 20 వేల సైకిల్స్ ఆయుష్షు ఉందంటే, అది పుట్టినప్పటినుంచి ఏ విమానం మీద, ఎన్ని సైకిల్స్ తిరిగిందో వరసగా సంతకాలతో కాగితాలు ఉండాలి. మధ్యలో ఒక ఎయిర్‌లైన్ మూతపడి రికార్డులు పోతే ఆ డిస్కు లోహంగా బంగారంలా ఉన్నా విలువ సున్నా. నాలుగు దేశాలు తిరిగిన పాత విమానానికి ఈ గొడవ ఎప్పుడూ ఉంటుంది. నేను చూసిన ఒక అప్పగింతలో పనంతా అయిపోయింది, పెయింట్ కూడా ఆరిపోయింది, ఒక్క రిపేర్ తాలూకు పత్రం దొరక్క వారాలపాటు అద్దె కడుతూ విమానాన్ని ఎండలో పెట్టారు.

మరి కొత్తవి ఎప్పుడూ చవకేనా? కాదు, ఈ మధ్య అనుభవం దీన్ని బాగా చూపించింది. ఏ320 నియో మీద వచ్చే ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లలో మొదటినుంచీ ఇబ్బందులే. ఇండిగో నడుపుతున్న దాదాపు వంద నియోల ఇంజిన్లు 2020 జనవరి ఆఖరుకల్లా మార్చమని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2019లోనే గడువు పెట్టింది. తర్వాత 2023లో పెద్ద దెబ్బ. లోహపు పొడితో తయారుచేసే టర్బైన్, కంప్రెసర్ డిస్కుల్లో మలినం చేరిందని, అదనంగా 600 నుంచి 700 ఇంజిన్లు దించి చూడాలని, ఒక్కోటి తిరిగి ఎక్కడానికి 250 నుంచి 300 రోజులు పడుతుందని కంపెనీయే చెప్పింది. ఇండిగోవి ఒక దశలో 70కి పైగా విమానాలు నేలమీద ఉన్నాయి. వాటిలో ఏదీ ముసలి విమానం కాదు. అంతకుముందే 2023 మే నెలలో ఇవే ఇంజిన్లను కారణంగా చూపి గో ఫస్ట్ దివాలా పిటిషన్ వేసింది. పరిహారం వచ్చినా, ఆగిన విమానాల స్థానంలో ఇండిగో పాత ఏ320లను అద్దెకు తెచ్చుకోవాల్సి వచ్చింది. వేడి, దుమ్ము ఎక్కువున్న మన దగ్గర, గల్ఫ్‌లో కొత్తతరం ఇంజిన్లు పాతవాటిలా ఏళ్ల తరబడి రెక్క మీద ఉండటం లేదు. ఎక్కువ వేడితో, ఎక్కువ ఒత్తిడితో పనిచేసి ఇంధనం ఆదా చేస్తాయి, ఆ మూల్యం షాపులో కడతాం. నా అభిప్రాయంలో వచ్చే పదేళ్లు మెయింటెనెన్స్ ఖర్చును నిర్ణయించేది ఎయిర్‌ఫ్రేమ్ వయసు కాదు, ఏ ఇంజిన్ ఎంచుకున్నారన్నదే.

ఎయిరిండియా గురించి అమెరికా వెళ్లొచ్చే మనవాళ్లు తరచూ చెప్పేది విరిగిన సీట్లు, పనిచేయని స్క్రీన్లు. ఇదంతా విమానం ముసలిదైపోవడం వల్ల అనుకోకండి. 777, 787 రెండూ సరిగ్గా చూసుకుంటే ఇంకా చాలాకాలం నడిచేవే. ప్రభుత్వ చేతిలో ఉన్నన్నాళ్లు డబ్బుల్లేక స్పేర్లు కొనలేదు, ఒక విమానం పార్టు తీసి ఇంకోదానికి పెట్టారు. 2022 జనవరిలో టాటాలు తీసుకునేనాటికి చాలా విమానాలు కదలకుండా ఉన్నాయి. పాత వైడ్‌బాడీల (రెండు నడవలుండే పెద్ద విమానాల) క్యాబిన్లు మార్చడానికి 40 కోట్ల డాలర్లు ప్రకటించారు. వాయిదా వేసిన మెయింటెనెన్స్ ఆ కాలపు లెక్కల్లో పొదుపులా కనపడుతుంది. ఖర్చు తక్కువున్న పాత ఫ్లీట్ కనిపిస్తే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే.

ఇప్పటి పరిస్థితి మీ ప్రశ్నను ఇంకా క్లిష్టం చేస్తోంది. బోయింగ్, ఎయిర్‌బస్ రెండూ డెలివరీల్లో వెనకబడ్డాయి. ప్రపంచ ఫ్లీట్ సగటు వయసు 14.8 ఏళ్లకు, రికార్డు స్థాయికి చేరిందని 2024 డిసెంబరులో ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం అయాటా చెప్పింది. అందరూ పాతవాటినే పట్టుకుని కూర్చోవడంతో విప్పడానికి విమానాలు దొరకట్లేదు, వాడిన పార్టుల ధరలు పెరిగాయి, ఇంజిన్ షాపుల్లో క్యూలు. డెల్టా వాడిన పాత కిటుకు ఇప్పుడు అంత చవగ్గా పనిచేయదు. మన దగ్గర ఊరట పన్నుల్లో ఉంది. ఎంఆర్ఓ పని మీద జీఎస్టీ 2020 ఏప్రిల్‌లో 18 నుంచి 5 శాతానికి తగ్గింది, దిగుమతి పార్టుల మీద కూడా 2024 జులై నుంచి ఒకే రేటు, 5 శాతం. అంతకుముందు హెవీ చెక్‌కి విదేశాలకు పంపడమే చవక. 2025 నవంబరులో శంషాబాద్‌లో ఫ్రాన్స్ కంపెనీ సాఫ్రాన్ వాళ్ల లీప్ ఇంజిన్ల రిపేర్ షాపు మొదలైంది. ఇండిగో, ఎయిరిండియా నడిపే విమానాల్లో చాలావాటి మీద ఉండేది ఆ లీప్ ఇంజిన్లే. అది పూర్తి సామర్థ్యానికి చేరడానికి ఏళ్లు పడుతుంది, ఈ ఏడాది బ్యాలెన్స్ షీట్‌లో వెతక్కండి.

చివరగా మీ షేర్ల సంగతి. సగటు వయసు ఒక్కటే పట్టుకోకండి. ఫ్లీట్‌లో ఎన్ని విమానాలు వచ్చే రెండేళ్లలో ఆరేళ్లకో, పన్నెండేళ్లకో చేరుతున్నాయో చూడండి. ఎన్ని సొంతం, ఎన్ని లీజు, ఎన్నిటి లీజు ముగుస్తోందో చూడండి. ఇంజిన్లకు గంటల లెక్కన ఒప్పందం ఉందా, లేక షాపుకి పంపినప్పుడల్లా బిల్లు కడుతున్నారా అన్నది యాన్యువల్ రిపోర్టు నోట్సులో దొరుకుతుంది. ఇండిగో లెక్కల్లో ‘సప్లిమెంటరీ రెంటల్స్, ఎయిర్‌క్రాఫ్ట్ రిపేర్ అండ్ మెయింటెనెన్స్’ అని ఒక వరస ఉంటుంది. దాన్ని సీట్ కిలోమీటర్లతో (ఉన్న సీట్లను ఎగిరిన కిలోమీటర్లతో గుణిస్తే వచ్చేది) భాగించి నాలుగైదేళ్లు పక్కపక్కన పెట్టండి. దానికి తోడు ప్రొవిజన్ల నోటులో, విమానాలు తిరిగిచ్చేటప్పుడు అయ్యే ఖర్చుకి ఎంత పక్కన పెట్టారో చూడండి. డెల్టాతో పోల్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. వాళ్లు సొంత విమానాల మీద తరుగుదల చూపిస్తారు, ఇండిగో 2019 ఏప్రిల్ నుంచి కొత్త అకౌంటింగ్ పద్ధతిలో లీజుల్లో ఎక్కువ భాగాన్ని తరుగుదల, వడ్డీలుగా చూపిస్తోంది, రిజర్వ్‌లు ఇంకో వరసలో ఉంటాయి. ఈ మూడూ కలిపి, ఇంధనం కూడా కలిపి గంటకు ఎంత అని చూస్తే తప్ప ఎవరి విమానం ఎవరికి చవకో తేలదు.